మరియ అత్తరుబుడ్డి, మీ గాజులు, మా సంఘం సంచి

సహోదరికి ప్రభువు నామమున వందనములు.

మీ ప్రశ్నను రెండుసార్లు చదివాను. ఉజ్జీవ కూటములలో ప్రసంగీకుడు, యేసు మీద విలువైన అత్తరు పోసిన బేతనియ మరియ కథ చెప్పి, "మీ అత్తరుబుడ్డి ఏది? ఈ రాత్రే పగులగొట్టండి" అన్నప్పుడు చుట్టూ ఉన్నవారు ఉంగరాలు, గొలుసులు తీసి కానుకల పళ్లెంలో వేశారనీ, మీ చేయి గాజుల మీదికి వెళ్లి ఆగిపోయిందనీ, ఆనాటి నుండి "నేను ప్రభువుకు పూర్తిగా ఇచ్చుకోలేని దాననేమో" అన్న బాధ వదలడం లేదనీ రాశారు. మీ వారేమో అది ఉత్త దుబారా, ఆ బంగారంతో ఎందరో పిల్లలకు ఫీజులు కట్టవచ్చు అంటున్నారు. ఆరాధనలో అందరికీ వచ్చే కన్నీళ్లు మీకు రావడం లేదన్న సంగతిని చివరి వాక్యంలో, కొంచెం సిగ్గుపడుతున్నట్టుగా చేర్చారు.

నేను పాస్టరును కాను. ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా ఊరి సంఘానికి 22 ఏళ్లు కోశాధికారిగా ఉన్నాను. అందువల్ల ఈ కథను మరియ వైపు నుండి కంటె, సంచి పట్టుకొని కూర్చున్నవాని వైపు నుండి చదవడం నాకు అలవాటైంది. నా జవాబులో ఆ వాసన కొంత ఉంటుంది, మన్నించండి.

ముందుగా వాక్యంలో ఏముందో, ఏమి లేదో చూద్దాం. ఎందుకంటే ఈ కథకు వేదికల మీద చాలా అతుకులు పడ్డాయి. మార్కు 14, మత్తయి 26, యోహాను 12 అధ్యాయాలు బేతనియలో జరిగిన సంగతిని చెబుతున్నాయి. లూకా 7వ అధ్యాయంలో పరిసయ్యుడైన సీమోను ఇంట్లో ఏడ్చిన స్త్రీ కథ వేరు, సందర్భం వేరు. ఈ ఇద్దరినీ మగ్దలేనే మరియ అనే మరొక శిష్యురాలితో కలిపి ఒకే మనిషిని చేసినది క్రీ.శ. 591లో రోమా పోపు మొదటి గ్రెగొరీ చేసిన ప్రసంగం. ఆ కలగాపులగం ఇప్పటికీ మన ప్రసంగాలలో వినబడుతూనే ఉంది. ఆ అత్తరు మరియ పెండ్లి కోసం దాచుకొన్నదనీ, ఆమె కట్నమనీ చెప్పేవారున్నారు. సువార్తలలో ఆ మాట లేదు. ఉన్నదేమంటే అది అచ్చ జటామాంసి అత్తరు, మిక్కిలి విలువైనది, దాని వెల మున్నూరు దేనారాలకు (రోమా వెండి నాణెములకు) పైమాట.

జటామాంసి మనకు కొత్తది కాదు. తల నూనెల సీసాల మీదా, ఆయుర్వేద మందుల కొట్లలోనూ ఆ పేరు చూస్తూనే ఉంటాం. అది హిమాలయాల ఎత్తుల మీద పెరిగే మొక్క వేరు. అక్కడి నుండి గంగా మైదానం దాటి, ఓడలెక్కి, ఎర్ర సముద్రం మీదుగా రోమా సామ్రాజ్యానికి చేరేది. కేరళ తీరంలోని ముజిరిస్ రేవు నుండి వెళ్లిన హెర్మపొల్లోన్ అనే ఓడ సరకుల పట్టీ, 2వ శతాబ్దపు పపైరస్ కాగితం మీద నేటికీ మిగిలి ఉంది. అందులో గంగాతీరపు జటామాంసి 60 పెట్టెలున్నాయి. ఆ కాలపు రోమా రచయిత ప్లినీ జటామాంసి కంకి వెల ఒక రోమా పౌనుకు 100 దేనారాలని రాశాడు. సుగంధ తైలాలు చలువరాతి బుడ్లలోనే చక్కగా నిలుస్తాయని కూడా రాశాడు. మన తెలుగు బైబిలు సేరున్నర యెత్తు అన్నది గ్రీకులో ఒక లిత్రా, అంటే 320 గ్రాములకు కాస్త పైన. ద్రాక్షతోట కూలీల ఉపమానంలో ఒక రోజు కూలి ఒక దేనారము. విశ్రాంతి దినాలు, పండుగలు తీసివేస్తే 300 దేనారాలు ఒక కూలివాని ఏడాది సంపాదన. ఈ రోజు కూలి 500 రూపాయలనుకొంటే లక్షన్నర రూపాయలు కొన్ని నిమిషాలలో నేలపాలయ్యాయన్న మాట. శిష్యులు గొణిగారంటే నాకు ఆశ్చర్యం లేదు. నేనైతే పైకే అనేవాణ్ణి.

మీ వారిని ఇస్కరియోతు యూదాతో పోల్చి ఎవరైనా మాట్లాడితే ఒప్పుకోకండి. ఈ అత్తరు అమ్మి బీదలకు ఇవ్వవచ్చు కదా అన్న మాట యూదాదని యోహాను రాస్తే, మార్కు "కొందరు" అన్నాడు, మత్తయి "శిష్యులు" అన్నాడు. అంటే ఆ ప్రశ్న భోజనపు బల్ల దగ్గర ఉన్న మంచివారికి కూడా న్యాయంగానే తోచింది. యూదా తప్పు ప్రశ్నలో లేదు, సంచిలో ఉంది. శిష్యుల డబ్బు సంచి అతని దగ్గర ఉండేది; అతడు దొంగయై ఉండి అందులో వేసిన దానిని దొంగిలించేవాడని యోహాను విప్పి చెప్పాడు. బీదలను గురించి అడగడం ఎన్నడూ పాపం కాదు.

యేసు ఇచ్చిన జవాబును మనం సగమే వింటాం. "బీదలు ఎల్లప్పుడు మీతోకూడ ఉందురు" అన్నది ద్వితీయోపదేశకాండము 15:11 నుండి తీసిన మాట. బీదలు దేశములో ఉండకమానరు, కాబట్టి నీ చేయి చాపవలెను అని అక్కడుంది. మార్కు ఇంకొక ముక్క కూడా భద్రపరచాడు: మీకిష్టమైనప్పుడెల్ల వారికి మేలు చేయవచ్చును. గొణిగినవారి చేతికే ఆయన ఆ బాధ్యతను తిరిగి అప్పగించాడు. ఆమె అత్తరు ఆమె ఇష్టం. బీదల సంగతి అంత పట్టిందా, మీ చేతులు ఏమయ్యాయి అని దాని అర్థం. ఇది నాకు పుస్తకంలో తెలియలేదు, ఒక ముసలామె వల్ల తెలిసింది.

మాది మిరప పండే ప్రాంతం. మా సంఘంలో ఒక వితంతువు ఉండేది. కోతల కాలమంతా మిరపకాయల కూలికి పోయేది. ఒక ఏడు కోతల పండుగకు ప్రభువు బల్ల మీద పరచడానికి జరీ అంచు ఉన్న పట్టు వస్త్రం తెచ్చింది. ధర చూస్తే ఆమె ఆ కాలమంతా సంపాదించిన దానిలో పెద్ద భాగం అందులోకే పోయిందని నాకు తెలిసిపోయింది. ఆమె ఇంటి కప్పు కారుతుందన్నదీ ఊరందరికీ తెలుసు. లెక్కల మాస్టారిని కదా, ఊరుకోలేక పక్కకు పిలిచి, "ఈ డబ్బు పెట్టి ముందు రేకులు వేయించుకోవచ్చు కదమ్మా, ప్రభువు బల్లకు నూలు గుడ్డ చాలదా?" అన్నాను. ఆమె కోపగించుకోలేదు. "వాన కురిస్తే గిన్నె పెట్టుకుంటా మాస్టారూ. ఆయన బల్ల మీద చిరుగు గుడ్డ చూసినప్పుడల్లా నాకు కూడు సయించటం లేదు" అని, ఆ వస్త్రాన్ని నా చేతిలో పెట్టి, ముందు వరుసలో కాక ఎప్పటిలా వెనక గోడ పక్కన కూర్చుంది.

ఆమె చేసినది తప్పా ఒప్పా అని నేను చాలాకాలం లెక్కలు వేశాను. ఆమెకు కప్పు అవసరమనే ఇప్పటికీ అంటాను. అయితే ఆ కప్పు లెక్క నేను వేయవలసింది ఆమె కానుకలో నుండి కాదు. నా చేతిలోని సంచిలో నుండి, నా జీతంలో నుండి. ఆ మాట తట్టడానికి నాకు రెండు వానాకాలాలు పట్టింది. తరువాత సంఘం పెద్దలం నలుగురం కలిసి రేకులు వేయించాం. ఆలస్యంగా చేసిన పనికి గొప్ప చెప్పుకోను.

ఈ రెంటినీ విడదీసి ఒకదానితో ఒకదాన్ని కొట్టడం సంఘంలో చాలా పాత జబ్బు. 4వ శతాబ్దం చివర అంతియొకయలో యోహాను క్రిసోస్తొం అనే బోధకుడు మత్తయి సువార్తను వివరిస్తూ, క్రీస్తు శరీరాన్ని గుడిలో పట్టు వస్త్రాలతో గౌరవించి, బయట చలికి వణుకుతున్న ఆయనను నిర్లక్ష్యం చేయవద్దని గట్టిగా హెచ్చరించాడు. మన దగ్గర మెదకు చర్చి ఉంది. 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన ఆ కట్టడపు గోపురం ఎత్తు 175 అడుగులు. చిత్రించిన అద్దాల కిటికీలను చూడడానికే జనం వస్తారు. ఒక మారుమూల ఊరికి అంత చర్చి ఎందుకని అడగవచ్చు. కాని దానిని కట్టించిన చార్లెస్ వాకర్ పాస్నెట్, కరవుతో అల్లాడుతున్న చుట్టుపక్కల జనానికి ఆ కట్టుబడిలో పని కల్పించి తిండి పెట్టాడని ఆ ప్రాంతమంతా నేటికీ చెప్పుకొంటుంది. అక్కడ ఏ రాయి ఆరాధన, ఏ రాయి బీదల కూడు అని వేరు చేయడం నా వల్ల కాదు.

ఇక మీ బాధకు అసలు కారణమైన సంగతికి వస్తాను. బేతనియ కథను మూడు సువార్తలలోనూ మళ్లీ చదివి, మరియను అత్తరు తెమ్మని అడిగినవారెవరో వెదకండి. ఎవరూ కనబడరు. యేసు అడగలేదు, శిష్యులు అడగలేదు, ఇంటి యజమాని అడగలేదు. పాట పాడి, దీపాలు తగ్గించి, "ఇంకా ముగ్గురి చేతిలో ఉంది, ఆత్మ నాతో చెబుతున్నాడు" అన్న మనిషి ఆ గదిలో లేడు. ఆమెకు ప్రతిఫలం కూడా ఎవరూ వాగ్దానం చేయలేదు. నూరంతలు తిరిగి వస్తుందన్న ఆశతో పోసిన అత్తరు కాదది. తిరిగి వస్తుందని ఇచ్చేదానికి మా లెక్కల పుస్తకంలో పెట్టుబడి అని పేరు. సంచి పట్టుకొన్నవాడు మరియను చూపించి ఇతరుల గాజులు అడుగుతున్నప్పుడు, అతడు ఆ కథలో ఏ కుర్చీలో కూర్చున్నాడో ఒకసారి చూసుకోవాలి. మీకు ప్రసంగించినవారి మనసు నాకు తెలియదు, తీర్పు తీర్చను. కాని ఆ రాత్రి మీ చేయి ఆగిపోవడం భక్తి లేకపోవడం అని నేను అనుకోను. మీలోని వివేకమే దానిని ఆపి ఉండవచ్చు. పూర్ణహృదయము, పూర్ణాత్మ, పూర్ణబలములతో పాటు పూర్ణవివేకముతో కూడా ప్రేమింపుమని యేసు చెప్పిన సంగతిని మనం ఎందుకో త్వరగా దాటిపోతాం.

మార్కు సువార్తలో ఒక అమరిక ఉంది. లెక్కల మాస్టారుగా అది నాకు ఎంతో ఇష్టం. 12వ అధ్యాయం చివర బీద విధవరాలు రెండు కాసులు వేసింది. 14వ అధ్యాయం మొదట ఈ స్త్రీ అత్తరు పోసింది. ఆ రెండు కాసులు కలిపితే ఒక దేనారములో 64వ వంతు. అంటే అత్తరు వెల ఆ కాసులకు 19,200 రెట్లు. ఇంత తేడా ఉన్న ఇద్దరినీ ఆయన ఒకే విధంగా మెచ్చుకొన్నాడు. విధవరాలు తనకు కలిగినదంతా వేసింది; ఈమె తన శక్తికొలది చేసింది. కాబట్టి సంపూర్ణత అన్నది ఎంత ఇచ్చామన్న దానిలో లేదు. ఆయనకు దక్కకుండా లోపల ఏది దాచుకొన్నాం అన్న దానిలో ఉంది. ఆ దాచుకొన్నది బంగారమే కానక్కరలేదు. నేను చూసినంతలో చాలామందికి బంగారం ఇవ్వడం సులువు. పక్కింటి వారితో పాత పగ వదలడం, పొలం గట్టు తగాదాలో అన్నకు రెండు అడుగులు విడిచిపెట్టడం, కోడలి ముందు తప్పు ఒప్పుకోవడం కష్టం. నా మట్టుకు నాకు లెక్కల పుస్తకం మీద పెత్తనమే ఆ బుడ్డి. కొత్త కోశాధికారికి తాళాలు అప్పగించిన రోజున అది పగిలింది, అదీ పూర్తిగా కాదు.

ఇంకొకటి చెప్పాలి. ఆ విధవరాలి కథకు సరిగ్గా ముందటి వచనంలో, దీర్ఘ ప్రార్థనలు చేస్తూ విధవరాండ్ర ఇండ్లు దిగమింగే శాస్త్రులను (ధర్మశాస్త్ర బోధకులను) యేసు ఖండించాడు. రెండు సంగతులూ పక్కపక్కనే ఎందుకున్నాయో ప్రతి సంఘపు కోశాధికారీ ఆలోచించాలి. ఇచ్చినవారిని మెచ్చుకొంటూనే, ఇప్పించుకొన్నవారిని ఆయన లెక్క అడిగాడు.

ఆచరణలో ఎంత ఇవ్వాలి, ఎలా ఇవ్వాలి అన్నదానికి పౌలు మాసిదోనియ సంఘాల ఉదాహరణ చూపించాడు. వారు నిరుపేదలై ఉండి శక్తికి మించి, తమంతట తామే ఇచ్చారు. కాని ముందుగా తమ్మును తామే ప్రభువుకు అప్పగించుకొన్నారు. వెంటనే పౌలే, కలిగినదాని కొలదియే అది ప్రీతికరమవుతుంది, లేనిదాని కొలది కాదు అన్నాడు. అందువల్ల అప్పు చేసి కానుక ఇవ్వవద్దని నేను ఎవరికైనా చెబుతాను. అది మీ భక్తి కాదు, వడ్డీవాని సొమ్ము. తల్లిదండ్రులకు పెట్టవలసిన దానిని కొర్బాను, అంటే దేవార్పితము, అని చెప్పి దేవుని పేరిట తప్పించుకొన్నవారిని యేసు మెచ్చలేదని మార్కు 7లో ఉంది. గాజులు మీ పుట్టింటివారు పెట్టినవే అయినా, కాపురం ఇద్దరిది. మీ వారికి చెప్పకుండా ఇచ్చిన కానుక మీ ఇద్దరి మధ్య ఒక అబద్ధాన్ని పెడుతుంది. ఆయన మాటలో యథార్థత ఉంటే పట్టుకోండి. ఫీజుల మాట ఎత్తినవారు ఆయనే కనుక, ఇద్దరూ కలిసి ఈ ఏడాది ఒక బిడ్డకు ఫీజు కట్టండి. వాదన నెగ్గడానికి అన్న మాటో, మనసులోని మాటో కూడా అప్పుడు తేలిపోతుంది.

కన్నీళ్ల సంగతి. మన సంఘాలలో ఆరాధన అన్న మాట ఈ ముప్పై ఏళ్లలో చిక్కిపోయింది. "ఆరాధన అయిపోయింది, ఇక వాక్యం" అంటున్నాం. అంటే పాటల అరగంటకు ఆ పేరు పెట్టేశాం. బైబిలులో ఆ భావానికి వాడిన మాటలలో ఒకటి సాగిలపడడం, మరొకటి పరిచర్య చేయడం. రోమీయులకు 12:1లో పౌలు శరీరములను సజీవ యాగముగా సమర్పించుకొనుడి, ఇట్టి సేవ మీకు యుక్తమైనది అన్నప్పుడు రెండవ మాటనే వాడాడు. మన ఇళ్లలో అన్నం వండే ముందు పిడికెడు బియ్యం సంఘం కోసం తీసి వేరే డబ్బాలో వేసే అమ్మలు ఏడుస్తూ వేయరు. రోజుకు రెండు పూటలా, జ్వరం వచ్చిన రోజునా, పిల్లవాడు పరీక్ష తప్పిన రోజునా వేస్తారు. నెలాఖరున ఆ బియ్యం తూచింది నేనే; దానిని ఆరాధన కాదనే ధైర్యం నాకు లేదు.

బేతనియ విందులో మరియ ఏడ్చినట్టు ఎక్కడా లేదు; ఏడ్చింది లూకా చెప్పిన స్త్రీ. అదే విందులో మరియ సహోదరి మార్త వడ్డిస్తూ ఉంది, సహోదరుడు లాజరు బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. లూకా 10లో మార్తను సున్నితంగా మందలించిన యేసు ఇక్కడ ఆమెను ఒక్క మాట కూడా అనలేదు. ఒకే ఇంట్లో ముగ్గురు మూడు విధాలుగా ఆయన దగ్గర ఉన్నారు. దావీదు రాజు దేవుని నిబంధన పెట్టె అయిన మందసము ముందు ఎగిరి నాట్యమాడాడు, నిజమే; ఆయన భార్య మీకాలు తప్పు నాట్యమాడకపోవడం కాదు, కిటికీలో నుండి చూచి తన మనస్సులో అతనిని హీనపరచడం. ఏడ్చేవారిని చూసి మీరు నవ్వుకోనంతకాలం, మీరు ఏడవలేదని ఎవరూ మిమ్మల్ని తక్కువ చేయనక్కరలేదు. నేను మా నాన్నగారిని సమాధి చేసిన రోజున కూడా ఏడవలేదు. ఆ నెలంతా తెల్లవారుజామున లేచి ఆయన పొలానికి నీళ్లు పెట్టాను.

అయినా ఒక మాట దాచకుండా చెబుతాను. కోశాధికారి బుద్ధి మనలను అత్తరు పోయకుండా కూడా ఆపగలదు. అన్నీ తూచి, అన్నీ తర్వాతికి వాయిదా వేసి, ఎన్నడూ ఒక్క అనవసరమైన పని ప్రేమ కోసం చేయకుండా చనిపోయిన విశ్వాసులను నేను ఎరుగుదును. వారి లెక్కలన్నీ సరిగ్గానే ఉన్నాయి. బేతనియలో సమయం చాలా తక్కువగా ఉంది, ఆయన సమాధికి దినాలు లెక్కబెట్టే దూరంలోనే ఉన్నాడు. ఆదివారం తెల్లవారుజామున సుగంధ ద్రవ్యాలతో సమాధికి వెళ్లిన స్త్రీలు కూడా ప్రేమతోనే వెళ్లారు, కాని పూయడానికి అక్కడ దేహం లేదు. కాబట్టి గాజులు ఎన్నటికీ ఇవ్వవద్దని నేను చెప్పడం లేదు.

నేను చెప్పేది ఇంతే. ఆ కూటాల పాటలు చెవిలో మోగడం ఆగేదాకా ఒక నెల ఉండండి. మీ వారితో కూర్చుని మాట్లాడండి. ఆ తరువాత కూడా ఇవ్వాలని మీ ఇద్దరి మనసుకూ అనిపిస్తే, ఎవరూ అడగని ఒక మామూలు మంగళవారం నాడు వెళ్లి, పేరు చదవవద్దని చెప్పి ఇచ్చి రండి. రసీదు మాత్రం తప్పక తీసుకోండి.